బెల్టు మోసినంతే బొగ్గు

“నెట్ స్లో ఉంది.” ఇప్పుడు ఏ ఇంటికి పోయినా వినిపించే ఫిర్యాదు ఇదే. సినిమా మధ్యలో ఆగితే నెట్ స్లో. ఆన్‌లైన్ ఫారం ఓపెన్ కాకపోతే నెట్ స్లో. ముందు గదిలోని పాత కంప్యూటర్ నుంచి లోపలి గదిలోని లాప్‌టాప్‌కి పెళ్లి వీడియో పంపడానికి గంటలు పడితే అదీ నెట్ స్లోనే! రోగాలన్నిటికీ ఒకటే పేరు పెట్టేశాం కాబట్టి మందు కూడా ఒకటే అయిపోయింది: ప్లాన్ పెంచు, లేకపోతే రౌటర్ మార్చు.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా ముందే చెప్పేస్తా. కొలవకుండా కొనొద్దు. ఇంట్లో ఫైళ్లు నెమ్మదిగా పోతున్నాయంటే దారిలో ఎక్కడో ఒక్కచోట ఇరుకు ఉంటుంది. ఆ చోటు ఏదో తెలియకుండా ఎన్ని వేలు పోసినా లాభం లేదు. తెలిశాక చాలాసార్లు రెండు వందల రూపాయలతో పని అయిపోతుంది. ఆ చోటు వెతకడం ఇంజినీరింగ్ చదువుతున్న మన బాధ్యత, షాపు వాళ్లది కాదు.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ రౌటర్ల గోల ఏంటని అడగొచ్చు. మనం ల్యాబ్ రికార్డు ఇంగ్లీషులో రాస్తాం, వైవా ఇంగ్లీషులో చెప్తాం. ఇంటికి పోయాక అమ్మ “అది ఎందుకట్ల గుండ్రంగా తిరుగుతుంది?” అంటే మాత్రం “నీకు అర్థం కాదులే” అని తప్పించుకుంటాం. నిజానికి అర్థం కాకపోవడానికి అందులో ఏం లేదు. మన చదువును మన మాటల్లో చెప్పుకోవడం కూడా భాష పనే అని నా నమ్మకం.

నాది గోదావరిఖని. మా సింగరేణి పిల్లలకైతే ఈ సంగతి ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. మా బాపు పని అండర్‌గ్రౌండ్‌లో. అన్నం తినేటప్పుడు బాయి ముచ్చట్లు చెప్తూ తరచుగా ఒక మాట అంటుంటాడు: “ఫేస్ కాడ ఎంత కోసినా, బెల్టు మోసినంతే బొగ్గు బయటికొస్తది.” కింద యంత్రం బొగ్గు ఎత్తి కన్వేయర్ మీద పోస్తుంది. ఆ కన్వేయర్ నుంచి ఇంకో బెల్టు, దాని నుంచి మరో బెల్టు, అట్లా పైకొచ్చి బంకర్. అక్కడి నుంచి కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్, వ్యాగన్లు, ఆ తర్వాత రామగుండం ఎన్టీపీసీ. ఈ వరుసలో అన్నిటికంటే తక్కువ మోసేది ఏదో, మొత్తం లెక్క దానిదే. మధ్యలో ఒక బెల్టు సగం వేగంతో తిరుగుతుంటే, ఫేస్ దగ్గర కొత్త యంత్రం దింపినా బొగ్గు అక్కడే కుప్ప పడుతుంది తప్ప బయటికి రాదు.

ఇంట్లో ఫైల్ ప్రయాణం కూడా అచ్చం ఇంతే. పాత కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్క్ ఫేస్ అనుకోండి. అక్కడ ఎత్తిన డేటా నెట్‌వర్క్ కార్డు, కేబుల్ లేదా వైఫై, రౌటర్, మళ్లీ కేబుల్ లేదా వైఫై, అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు దాటి చివరికి అక్కడి డిస్క్‌లో పడాలి. ఆ డిస్క్ బంకర్ లెక్క. ఇన్ని బెల్టుల్లో ఏది నెమ్మదిగా ఉంది? మొదట అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి షేర్డ్ ఫోల్డర్ ద్వారా పోయే ఫైల్ గడప దాటదు. రౌటర్ దాకా పోయి, అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. ఇంటర్నెట్ ప్లాన్‌ను 40 నుంచి 300 ఎంబీపీఎస్‌కి పెంచినా ఆ కాపీలో ఒక్క నిమిషం కూడా తగ్గదు. నమ్మకం లేకపోతే కాపీ నడుస్తుండగా బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు తీసి చూడండి. రౌటర్‌కి కరెంటు ఉన్నంతసేపు కాపీ నడుస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లోనో డ్రైవ్‌లోనో పంపితే కథ వేరు. అప్పుడు ఫైల్ ఊరు దాటి ఎక్కడో ఉన్న సర్వర్‌కి పోయి మళ్లీ మన ఇంటికే వస్తుంది. పక్క గదికి పోవడానికి హైదరాబాద్ మీదుగా తిరిగి వచ్చినట్టు.

రెండో అపోహ అంకెలది. ప్రకటనలో ఉండేది మెగాబిట్లు, కాపీ అవుతున్నప్పుడు స్క్రీన్ మీద కనపడేది మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ప్రతి ప్యాకెట్‌కి అంటించే చిరునామాల ఖర్చు పోను చేతికొచ్చేది 11 పైచిలుకు. గిగాబిట్ అంటే 125, చేతికొచ్చేది 110 చుట్టూ. “వంద అని చెప్పి పదకొండే ఇస్తున్నారు, మోసం” అని గొడవపడే వాళ్లను నేను చూశాను. అక్కడ మోసం లేదు, భాగహారం ఉంది.

ఇక అసలు కేసు. మా కాక మొన్న సింగరేణిలో రిటైర్ అయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి పోవాలి. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పదిహేనేళ్ల ఫొటోలు, అక్క పెళ్లి వీడియో, తోటి కార్మికుల రిటైర్మెంట్ సన్మానాలు అన్నీ అందులోనే. మా నానమ్మ మాట్లాడుతున్న వీడియో ఒకే ఒక్కటి ఉంది, అదీ దాంట్లోనే. ఆ డబ్బా అప్పటికే రోజుకోసారి మొరాయిస్తోంది. మొత్తం 400 జీబీ. కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. వైఫైలో కాపీ పెడితే సెకనుకు 3 మెగాబైట్లు. లెక్క వేస్తే 37 గంటలు. మధ్యలో ఒకసారి కరెంటు పోతే కాపీ ఆగిపోతుంది, ఏవి పోయాయో ఏవి పోలేదో మళ్లీ వెతుక్కోవాలి.

ఒకరు రౌటర్ మార్చమన్నారు. ఇంకొకరు ప్లాన్ పెంచమన్నారు. కాక నన్ను పిలిచి, “ఏం బిడ్డా, నువ్వు గదే సదువుతున్నవ్ గదా, జెర సూడు. ఐదు వేలు పెడితే అయితదంటున్నరు, పెట్టాల్నా?” అన్నాడు. అది ఒట్టి టెక్నికల్ ప్రశ్న కాదు. రిటైరైన మనిషికి ఐదు వేలంటే లెక్క ఉంటుంది. అంతకంటే ముఖ్యం, చదువుకున్న పిల్లల మాట మీద ఆయన పెట్టిన నమ్మకం.

కాగితం మీద వరుస గీసుకుని ఒక్కో బెల్టూ చూసుకుంటూ పోయాం.

మొదట గాలి. రెండు కంప్యూటర్లూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉన్నాయి. వైఫైలో ఒకేసారి ఒకరే మాట్లాడాలి. ఇక్కడ అదే ఫైల్ డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి ఇంకోసారి, అంటే గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. సగం వేగం అక్కడే పోయింది. పైగా 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్లు 1, 6, 11, ఈ మూడే. క్వార్టర్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వరుసలో ప్రతి ఇంటికీ ఒక రౌటర్ ఉంటే ఆ మూడు ఛానెళ్లనే అందరూ పంచుకోవాలి. డెస్క్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కి కలిపితే 3 కాస్తా 6 దాకా వచ్చింది. ఒక్క ప్రయాణం గాలిలోంచి తప్పింది కదా మరి.

లాప్‌టాప్‌కి కూడా కేబుల్ పెట్టాం. 11 మెగాబైట్లు. 37 గంటల పని 10 గంటలకు దిగింది. చాలామంది ఇక్కడ సంతోషపడి ఆపేస్తారు. కానీ 11 అనే అంకెను చూడగానే నెట్‌వర్క్స్ చదివిన వాళ్లకు అనుమానం రావాలి. అది 100 ఎంబీపీఎస్ లింక్ వేలిముద్ర. రౌటర్ కింద లేబుల్ చూస్తే పోర్టులు గిగాబిట్ అని ఉంది. రెండు కంప్యూటర్ల కార్డులూ గిగాబిట్ కార్డులే. మరి వంద దగ్గర ఎవరు ఆపుతున్నారు? విండోస్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూస్తే లాప్‌టాప్‌లో 1,000, డెస్క్‌టాప్‌లో 100. రెండు కేబుళ్లు అటూ ఇటూ మార్చాం. ఈసారి లాప్‌టాప్‌లో 100, డెస్క్‌టాప్‌లో 1,000. దొంగ దొరికాడు. తప్పు కంప్యూటర్‌ది కాదు, కేబుల్‌ది.

దీని వెనక కారణం తెలిస్తే ఇంకెప్పుడూ మర్చిపోరు. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. చవక కేబుళ్లలో కొన్నిటికి అసలు నాలుగు తీగలే ఉంటాయి. మంచి కేబుల్‌లోనైనా తలుపు సందులో నలిగో, ఎలుక కొరికో ఒక తీగ పోతే, రెండు వైపులా ఉన్న పోర్టులు మాట్లాడుకుని మెల్లగా వందకు దిగిపోవచ్చు. నెట్ నడుస్తూనే ఉంటుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పూర్తిగా ఆగిన బెల్టును అందరూ చూస్తారు, సగం వేగంతో తిరిగే బెల్టును ఎవరూ చూడరు.

క్యాట్ 5ఇ కేబుల్ ఒకటి తెచ్చి పెట్టాం. రెండు వందల లోపే. ఇది గిగాబిట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది, మన క్వార్టర్లకు ఎక్కువే. వేగం 70కి వచ్చింది. 110 రాలేదు, ఎందుకంటే ఇప్పుడు అడ్డు పాత హార్డ్‌డిస్క్. అది చదవగలిగేదే అంత. ఇరుకు గాలి నుంచి కేబుల్‌కి, కేబుల్ నుంచి డిస్క్‌కి జరిగింది. ఒక బెల్టు బాగుచేస్తే తర్వాతి ఇరుకు బయటపడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఇంజినీరింగే. పారేయబోయే డిస్క్‌కి ఇంకా ఖర్చెందుకు? అక్కడితో ఆపేశాం. వీడియోలు, పెద్ద ఫైళ్లు గంటన్నరలోపే ఎక్కాయి. ఫొటోలు కొంచెం ఎక్కువసేపు తీసుకున్నాయి, దాని సంగతి కింద చెప్తా. రాత్రికల్లా పని ఐపోయింది. కాక ఐదు వేలు కాక జేబులోనే ఉన్నాయి.

ఇది ఒక ఇంటి కథే. కానీ వేగం అంకె చూసి రోగం ఊహించే పద్ధతి ఏ ఇంటికైనా పనికొస్తుంది. 11 దగ్గర గీత గీసినట్టు నిలబడితే వంద లింక్, కాబట్టి కేబుల్, పోర్టులు చూడండి. కొన్ని రౌటర్లలో, ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే డబ్బాల్లో కొన్ని పోర్టులే గిగాబిట్, మిగతావి వందవి ఉంటాయి. పోర్టు మారిస్తేనే పని ఐపోవచ్చు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. 30 నుంచి 40 మధ్య ఆగితే యూఎస్‌బీ 2.0 మీద అనుమానం పడండి. అది కాగితం మీద 480 ఎంబీపీఎస్, చేతికొచ్చేది అంతే. 110 చూపిస్తే బాగుచేయడానికి ఏం లేదు, కాపీ పెట్టి చాయ్ తాగండి. మొదట్లో వేగంగా పోయి కాసేపటికి ఢమాల్న పడిపోతే, రాసే డిస్క్‌ది గానీ పెన్‌డ్రైవ్‌ది గానీ తాత్కాలిక మెమరీ నిండిపోయి ఉండొచ్చు. ఇంట్లో మనుషులు తిరుగుతుంటే, తలుపు వేస్తుంటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే వైఫై.

ఇక ఫొటోల సంగతి. 4 జీబీ సినిమా ఒకటి చకచకా పోతుంది, అదే 4 జీబీ వేల చిన్న ఫైళ్లుగా ఉంటే నత్తనడక నడుస్తుంది. ప్రతి ఫైల్‌కీ తెరవడం, పేరు రాయడం, అనుమతి అడగడం, మూయడం ఉంటాయి. ఒక్కో టబ్బుకి ఒక్కో చీటీ రాసి, సంతకం అయ్యాక వదిలినట్టు. యాంటీవైరస్ కూడా ప్రతి ఫైల్‌నూ ఆపి తనిఖీ చేస్తుంటే ఇంకా ఆలస్యం. ఆ ఫోల్డర్‌ను ఒకే జిప్ ఫైల్ చేసి పంపితే నెట్‌వర్క్ మీద సాఫీగా పోతుంది. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీతో ఒకేసారి చాలా ఫైళ్లు పంపొచ్చు కూడా. కరెంటు పోయి మధ్యలో ఆగినా, మళ్లీ అదే కమాండ్ ఇస్తే అప్పటికే చేరిన ఫైళ్లను వదిలేసి మిగతావి అందుకుంటుంది.

డిస్క్‌దా నెట్‌వర్క్‌దా అని ఎటూ తేలకపోతే ఐపెర్ఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు కంప్యూటర్లలో నడిపిస్తే డిస్క్‌ను ముట్టుకోకుండా ఒట్టి దారి వేగం కొలిచి చెప్తుంది. బొగ్గు వేయకుండా బెల్టును ఖాళీగా తిప్పి చూడటం లాంటిది. అక్కడ 900 పైన చూపించి కాపీలో మాత్రం తగ్గితే, దారి బాగుంది, తప్పు రెండు కొసల్లో ఎక్కడో ఉంది.

ఒక జాగ్రత్త. ఎంత వేగం వచ్చినా కట్-పేస్ట్ చేయకండి, కాపీ చేయండి. కొన్ని ఫొటోలు, కొన్ని వీడియోలు అవతల తెరిచి చూశాకే పాతవి తీసేయండి. పోయిన గంటలు మళ్లీ తెచ్చుకోవచ్చు, నానమ్మ గొంతు తెచ్చుకోలేం.

మా రూమ్మేట్ దీనికి ఒక అడ్డు వేశాడు: “ఇంత తంతు ఎందుకు? ఎక్స్‌టర్నల్ డిస్క్ అడుక్కొచ్చి కాపీ చేసి, చేత్తో పట్టుకుపోతే అయిపోదా?” ఒక్కసారికే అయితే వాడిదే రైటు. ఇంట్లో డిస్క్ ఉంటే అదే చేయండి. కానీ అదే కేబుల్ మీద రేపు చెల్లి ఆన్‌లైన్ క్లాసు వినాలి, ఎల్లుండి ఇంకెవరో బ్యాకప్ పెట్టాలి. ఇరుకు అక్కడే ఉంటే ప్రతిసారీ అదే గోల. ఇంకొకరు అడిగారు: “రౌటర్ కొనడమే తప్పంటావా?” అననే అనను. ఆ ఇంటి రౌటర్‌కి 2.4 తప్ప వేరే బ్యాండ్ లేక, కేబుల్ లాగే వీలూ లేకపోతే 5 గిగాహెర్ట్జ్ ఉన్నది కొనాల్సిందే. అయితే గోడలు దాటడంలో 5 కొంచెం బలహీనం, అది కూడా చెప్పి కొనిపించండి. నా గొడవ కొనడం మీద కాదు, ఊహ మీద కొనడం మీద.

ఊహ మీద నడవకూడదని మా కోల్ బెల్ట్‌కి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్ తన పరిధిలోని పని స్థలాలు తిరిగి, పైకప్పు చూసి, గ్యాస్ ఉందేమో పరీక్షిస్తాడు. గాలిలో మిథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు ఆపాలన్నది నిబంధన. “కొంచెం ఎక్కువున్నట్టుంది”, “నిన్న బాగానే ఉండె గదా” అనే మాటలు అక్కడ చెల్లవు. కొలిచిన అంకె ఒక్కటే చెల్లుతుంది. రౌటర్ నెమ్మదిస్తే ప్రాణాలేం పోవు, నిజమే. కానీ రోజూ అట్లా కొలిచి పనిచేసే మనుషుల ఇళ్లకు, చదువుకున్న పిల్లలమై పోయి మనం చెప్పేది “రౌటర్ పాతదైనట్టుంది, కొత్తది కొనండి” అనేనా?

మనం ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు పరీక్షలో గడగడా రాస్తాం. మొదటి పొర ఫిజికల్ లేయర్ అని రాసినవాళ్లలో ఎంతమందిమి ఇంటికి పోయి ఆ కేబుల్‌ను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూశాం? తప్పు వెతికేటప్పుడు కింది పొర నుంచి పైకి రమ్మని ఆ పాఠమే చెప్తోంది కదా.

అందుకే వచ్చే సెలవుల్లో ఒక గంట పని పెట్టుకోమని అడుగుతున్నా. ఇంటికి పోగానే రౌటర్ ఏ బ్యాండ్‌ది, ఏ పోర్టు ఎంత వేగానిది, ఒక్కో కంప్యూటర్ లింక్ స్పీడ్ ఎంత, కేబుల్‌తో పెద్ద ఫైల్ పంపితే ఎంత వస్తుంది, వైఫైలో ఎంత వస్తుంది, ఈ ఐదూ తెలుగులో ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అతికించండి. కింద తేదీ వేయండి. అదేంటో ఇంట్లో వాళ్లకు ఒకసారి చదివి వినిపించండి. రేపు “నెట్ స్లో ఉంది” అన్నప్పుడు ఆ కాగితంతో పోల్చి చూసుకుంటారు. ఎవరైనా వచ్చి ఐదు వేలు పెట్టమంటే, “ఏది స్లో ఉందో కొలిచి చెప్పు” అని మీ అమ్మే అడుగుతుంది.